ఇరుసు నుంచి సీటు దాకా

కువైట్‌లో తిరిగే పెద్ద కార్లలో డ్రైవరు వైపు తలుపు మీద 1, 2 అని రెండు చిన్న బటన్లుంటాయి. ఎవరు ఎంత ఎత్తులో, స్టీరింగుకు ఎంత దూరంలో కూర్చుంటారో సీటు గుర్తుపెట్టుకునే ఏర్పాటు అది. ఒకటి నొక్కితే ఇంటాయనకు తగ్గట్టు, రెండు నొక్కితే ఇంటావిడకు తగ్గట్టు సీటు జరుగుతుంది. పక్క అద్దాలు కూడా వాటంతట అవే తిరుగుతాయి. అందరికంటే ఎక్కువసేపు ఆ సీటులో కూర్చునే మూడో మనిషికి చాలా బళ్లలో మూడో బటను ఉండదు. పొద్దున్నే సీటు తనకు సరిపడా జరుపుకుని, అద్దాలు దిద్దుకుని అతను పని మొదలుపెడతాడు. రాత్రి బాబా ఒక్కడే బండి వేసుకుని మగవాళ్లు కబుర్లకు కూడే దివానియాకు వెళ్లొస్తే ఆ కొలతంతా చెరిగిపోతుంది. తెల్లారి మళ్లీ మొదటికి.

బాబా అంటే ఇంటి యజమాని. మామా అంటే యజమానురాలు. మేనమామనూ, పిల్లనిచ్చిన మామనూ పిలిచే మాటతో అరబ్బు ఇల్లాలిని పిలవాలంటే కొత్తగా దిగిన తెలుగువాడికి నోరు రాదు. నెల తిరిగేసరికి అలవాటవుతుంది. రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి, అటు గోదావరి జిల్లాల నుంచి రెండు మూడు తరాలుగా జనం ‘కోవేటు’ పోతున్నారు. అక్కడి విదేశీయుల్లో అందరికంటే ఎక్కువమంది భారతీయులే, దాదాపు 10 లక్షలు. వాళ్లలో ఇళ్లలో పనికి కుదిరినవాళ్లు 20 నంబరు వీసా మీద ఉంటారు. వంటవాళ్లు, పిల్లల్ని చూసుకునే ఆడవాళ్లు, హౌస్ డ్రైవర్లు అందరూ ఆ లెక్కలోకే వస్తారు.

ఒకే బండిలో ఇద్దరు కూర్చుంటారు. ఒకరు తోలుతారు, ఒకరు తోలించుకుంటారు. బండి సుఖంగా ఉందా అని అడిగితే ఇద్దరి జవాబూ ఒకటే అవుతుందా? సుఖం బండిలో ఉందా, సీటులో ఉందా, కూర్చున్న మనిషిలో ఉందా? కార్ల కంపెనీలు జవాబు చెప్పేసి ముగించిన ప్రశ్నలా ఇది కనిపిస్తుంది. నిజానికి దీని వయసు వేదాలంత.

శుక్రవారం సెలవు దొరికినవాళ్లు కువైట్ సిటీలో మాలియా వైపు చేరతారు. ఇంటికి డబ్బు పంపడం, ఊరివాళ్లను కలవడం, ఊరి కబుర్లు, అకామా (నివాస అనుమతి) కష్టాలు. నలుగురు డ్రైవర్లు ఒకచోట నిలబడితే మాట బళ్ల మీదికి మళ్లకుండా ఉండదు. ఆ మాటల్లో రంగు గురించీ తోలు సీట్ల మెరుపు గురించీ వినబడేది తక్కువ. బండి రోడ్డును ఎలా పట్టుకుంటుంది, ఆరో రింగు రోడ్డు మీద నూటఇరవైలో వెళ్తుంటే పక్కగాలికి ఎంత తూగుతుంది, స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగేటప్పుడు వెనక వరుసలో పిల్లలు ఎంత ఎగురుతారు, సందులో తిప్పడానికి ఎంత చోటు కావాలి, ముందు స్తంభం అడ్డమొచ్చి ఏ మూల కనబడదు: ఇవీ వాళ్ల కొలతలు.

టయోటా ల్యాండ్ క్రూయిజరా, నిస్సాన్ ప్యాట్రోలా అన్న వాదం గల్ఫ్ అంతటా ఉన్నదే. ఒకప్పుడు రెండింటికీ ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజను. 2021లో వచ్చిన ల్యాండ్ క్రూయిజర్ 300లో, 2024లో వచ్చిన కొత్త ప్యాట్రోల్‌లో దాని స్థానంలో రెండు టర్బోలున్న ఆరు సిలిండర్ల ఇంజను వచ్చింది. కొత్తది పాతదానికంటే గట్టిగానే లాగుతుంది. అయినా పాత ఎనిమిది సిలిండర్ల నిదానపు గురగురకు అలవాటుపడ్డ చెవులు దాన్ని వెంటనే ఒప్పుకోవు. అసలు తేడా కింద ఉంది. ల్యాండ్ క్రూయిజర్ వెనక చక్రాలు రెండూ ఇప్పటికీ ఒకే గట్టి ఇరుసుకు బిగించి ఉంటాయి. ఇసుకలో, రాళ్లలో ఏళ్ల తరబడి తట్టుకునే పద్ధతి అది. కుడి చక్రం గుంతలో పడితే ఆ కుదుపు ఎడమ చక్రానికీ తెలుస్తుంది. ప్యాట్రోల్‌కు 2010 మోడల్ నుంచే నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్. షెవ్రొలె తాహో, సబర్బన్, జీఎంసీ యూకాన్‌లు 2021 మోడల్ దాకా పాత పద్ధతిలోనే ఉండి, అప్పుడు వెనక చక్రాలను విడదీశాయి. మూడో వరుసలో నిద్రపోయే పిల్లలకు ఈ మార్పు తెలియదు. వాళ్లు లేవకుండా బడి దాకా, అమ్మమ్మ ఇంటి దాకా చేర్చాల్సిన మనిషికి మొదటి రోజే తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక మాట చరిత్రను తడమాలి.

మనం రోజూ వాడే ‘సుఖం’ అన్న మాట ఋగ్వేదంలో ఎక్కువగా కనిపించేది రథం పక్కన. అక్కడ అది మనిషి అనుభవించే ఆనందానికి పేరు కాదు, హాయిగా పరుగెత్తే రథానికి విశేషణం. ‘ఖ’ అంటే రంధ్రం. చక్రం నడిమి కుండలో ఇరుసు దూరే రంధ్రం. అది సరిగా తొలిచి ఉంటే ‘సు-ఖ’ అనీ, చక్రం ఒరుసుకోకుండా, కీచుమనకుండా, పక్కకు ఊగకుండా తిరుగుతుందనీ చాలామంది భాషావేత్తల వివరణ. ‘దుఃఖం’ దానికి ఎదురు మాటగా తయారైందని వాళ్ల ఊహ. దుఃఖం పుట్టుకను మరోలా చెప్పే పండితులూ ఉన్నారు. ఆ వాదం ఎలా తేలినా, వేదకాలపు వడ్రంగి చేతిలో సుఖం అంటే రెండు వస్తువుల మధ్య కుదిరిన పొందిక అన్న సంగతి నిలుస్తుంది. రంధ్రం వదులైతే చక్రం ఊగుతుంది, బిగుతైతే ఇరుసు కాలుతుంది. సుఖం ఇరుసులోనూ లేదు, చక్రంలోనూ లేదు. రెండూ కలిసేచోట ఉంది.

ఆ తర్వాత యాస్కుడు వచ్చాడు. వేదంలోని కఠినమైన మాటలకు నిరుక్తం రాసిన యాస్కుడు సుఖాన్ని వేరే దారిలో విడమరిచాడు. ఆయన లెక్కలో ‘ఖ’లు ఇంద్రియాలు. కన్ను, చెవి, ముక్కు, నోరు, ఒంటికున్న ద్వారాలు. వాటికి హితమైనది సుఖం. బండి కింద ఉన్న రంధ్రం నుంచి బండిలో కూర్చున్న మనిషి ఒంటి రంధ్రాలకు మాట ఎక్కివచ్చింది. ఇరుసు దగ్గర పుట్టిన సుఖం సీటులోకి చేరింది.

కార్ల షోరూములు యాస్కుడి పక్షం. కొత్త మోడల్ గుణగణాలు చెప్పే కాగితం తీసి చూస్తే అన్నీ ఇంద్రియాల పేర్లే. చెవికి డజన్ల స్పీకర్లు, కంటికి డ్యాష్‌బోర్డు పొడుగునా తెర, ముక్కుకు సెంటు, వీపుకు మర్దన చేసే సీటు, ఒంటికి చల్లగాలి ఊదే సీటు. కువైట్ వేసవికి చల్లగాలి విలాసం కూడా కాదు. 2016 జులై 21న అక్కడి మిత్రిబాలో నమోదైన వేడి 53.9 డిగ్రీలు. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఒప్పుకున్న లెక్క అది. అంత ఎండలో ఆపి ఉంచిన కారు తలుపు గొళ్లెం పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. కాబట్టి ఒంటి సుఖాన్ని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. ఇంద్రియాల సుఖం దొంగసుఖమని వేదాంతం పేరుతో కొట్టిపారేసేవాళ్లు జులై నెల మధ్యాహ్నం ఏసీ పాడైన బండిని జహ్రా దాకా తోలి చూడాలి.

కానీ డ్రైవర్ల మాటలు వింటుంటే పాత అర్థమే ప్రాణంతో తిరిగి వినిపిస్తుంది. వాళ్లు సుఖాన్ని పొందికగానే లెక్కగడతారు. బటన్లన్నీ తీసేసి తెరలోకి నెట్టిన కొత్త బళ్ల మీద వాళ్ల ఫిర్యాదు అదే. పాత బండిలో ఏసీ మీట ఎక్కడుందో చేతికి తెలుసు, కన్ను రోడ్డు మీదే ఉంటుంది. కొత్త దాంట్లో చలి తగ్గించమని వెనక నుంచి మామా అంటే చూపు తెర మీదికి తిప్పాలి. గీత దాటితే స్టీరింగును పక్కకు లాగే కొత్త సాయం ఖాళీ హైవే మీద బాగుంటుంది. పక్కవాడు ఇండికేటరు వేయకుండా ముందుకు దూరే చోట చేతికీ చక్రానికీ పెనుగులాటవుతుంది. తిప్పేచోటల్లా చుట్టూ చూపించే కెమెరాను మాత్రం అందరూ మెచ్చుకుంటారు. సాల్మియా సందుల్లో సబర్బన్ అంత బండిని నిలిపినవాడికి దాని విలువ తెలుసు.

మన ఊళ్లో స్టీరింగు కుడివైపు, గేరు ఎడమచేతిలో. అక్కడ స్టీరింగు ఎడమవైపు, బండి నడిచేది రోడ్డు కుడిపక్క. ఇరవై ఏళ్లు లారీ నడిపినవాడైనా అక్కడ దిగాక చూపును, చేతిని, భయాన్ని అన్నిటినీ తిరగేసి నేర్చుకోవాలి. గేరు కోసం చెయ్యి ముందు తలుపు వైపు పోతుంది. కొన్నాళ్లకు పోదు. సుఖం మళ్లీ కొత్తగా తొలుచుకున్న రంధ్రమన్నమాట.

మహాభారతం అరణ్యపర్వంలో నలుడి కథ ఉంది. మనకు దాన్ని తెలుగు చేసినవాడు నన్నయ. పాచికల్లో రాజ్యం పోయి, రూపం పోయి, బాహుకుడన్న పేరుతో నలుడు అయోధ్య రాజు ఋతుపర్ణుడి దగ్గర రథం తోలే కొలువులో చేరాడు. నలుడి భార్య దమయంతికి రెండో స్వయంవరమన్న కబురు విని రాజు ఒక్కరోజులో విదర్భ చేరాలన్నాడు. బాహుకుడు గుర్రాలను ఏరి తెచ్చాడు. చూడ్డానికి బక్కచిక్కి ఉన్నాయి. ఇవేం లాగుతాయని రాజుకు అనుమానం. ఒంటి మీది సుడులు చూపించి ఇవే చేరుస్తాయన్నాడు బాహుకుడు. కావాలంటే వేరేవి చెప్పమన్నాడు. నీకే బాగా తెలుసు, నువ్వు ఏవి మంచివంటే అవే కట్టమని రాజు ఒప్పుకున్నాడు. కొత్త మోడళ్ల మీద ఒక డ్రైవరు అభిప్రాయం, దానికి యజమాని అభ్యంతరం, చివరకు డ్రైవరు మాట నెగ్గడం. ఇంతకంటే పాత సాక్ష్యం దొరకడం కష్టం.

దారిలో రాజు పైబట్ట జారి పడింది. ఆపమనేలోపే రథం యోజనం దాటిపోయింది. తర్వాత రాజు తన విద్య చూపించాలని ఒక తాండ్ర చెట్టు ఆకులూ కాయలూ చూపుతోనే లెక్కచెప్పాడు. నమ్మని బాహుకుడు రథం ఆపేసి, దిగి, లెక్కపెట్టి చూశాడు. అంత తొందరలో ఉన్న యజమాని ఆగాల్సి వచ్చింది. ఆ చెట్టు కిందే ఇద్దరూ విద్యలు మార్చుకున్నారు. రాజు ఇచ్చింది అక్షహృదయం, పాచికల లోగుట్టు. పుచ్చుకోవాల్సింది అశ్వహృదయం, గుర్రాల లోగుట్టు. సంస్కృతంలో ‘అక్షం’ పాచికకూ పేరే, ఇరుసుకూ పేరే. నలుడి బతుకు ఒక అక్షం వల్ల చెడింది, ఇంకో అక్షం మీద కూర్చుని బాగుపడింది. కథలో గమనించాల్సింది ఆ మార్పిడి. ముందు కూర్చున్నవాడి దగ్గర తనకు లేని విద్య ఉందని వెనక కూర్చున్నవాడు ఒప్పుకున్నాడు.

ఉపనిషత్తుల్లో రథం అనగానే అందరికీ గుర్తొచ్చేది కఠోపనిషత్తు. అందులో యముడు నచికేతుడికి చెప్పిన పోలికలో శరీరం రథం, ఆత్మ రథంలో కూర్చున్నవాడు, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు. దాదాపు అదే కాలానికి కాస్త అటూఇటూగా గ్రీసులో ప్లేటో ‘ఫీడ్రస్’లో ఇలాంటి బొమ్మే గీశాడు. రెక్కల గుర్రాలు రెండు, ఒకటి మంచిది, ఒకటి మొండిది, వాటిని తోలే సారథి. రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి పోల్చినవాళ్లు చాలామంది. ఒక తేడా దగ్గర మాత్రం ఇంకాస్త ఆగాలి. ప్లేటో రథంలో తోలేవాడే ఉన్నాడు, వెనక ఎవరూ లేరు. కఠోపనిషత్తు రథంలో ఇద్దరున్నారు. తోలేవాడు వేరు, కూర్చున్నవాడు వేరు. ప్రయాణం కూర్చున్నవాడిది, తెలివి తోలేవాడిది. కువైట్ హౌస్ డ్రైవరుకు ఈ రెండో బొమ్మ వివరించాల్సిన పని లేదు, రోజూ అతను దాంట్లోనే ఉన్నాడు. ఆ ఉపనిషత్తు మరో మాట కూడా తేటగా చెబుతుంది: సారథి తెలివైనవాడు కాకపోతే వెనక కూర్చున్నది ఎంతటివాడైనా గమ్యం చేరడు.

ఈ మాట చెప్పి, అందుకే డ్రైవరు శ్రీకృష్ణుడంతటివాడు, పార్థసారథి చేసిన పనే అతనూ చేస్తున్నాడు అని ముగించడం తేలిక. అలా ముగించేవాళ్లు తక్కువేం కాదు. అది సరికాదు. కృష్ణుడు తనంతట తాను ఆ పని ఎంచుకున్నాడు. వద్దనుకుంటే ద్వారకకు వెళ్లిపోగలడు, ఆయన పాసుపోర్టు ఎవరి బీరువాలోనూ లేదు. ఆ రోజుల్లో రథం తోలడం సూతుల పని, చిన్నపని. సూతపుత్రుడన్న మాటతో కర్ణుడిని బతుకంతా పొడిచారు. ఆ కర్ణుడికే సారథిగా ఉండమని శల్యుడిని అడిగినప్పుడు మద్రదేశపు రాజైన శల్యుడు మండిపడ్డాడు, చివరకు ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. తనకు తోచిన మాట తాను అంటాడు, ఎవరూ అడ్డుచెప్పకూడదు. రథం తోలడానికి ముందు జీతం కాక మాట స్వేచ్ఛ అడిగిన సారథి శల్యుడు. ఆ స్వేచ్ఛను అతను కర్ణుడి మనసు విరగ్గొట్టడానికి వాడుకోవడం వేరే కథ.

కృష్ణుడి సారథ్యంలో గీత ఎంత పెద్దదో, ఇంకో ఘట్టమూ అంత పెద్దదే, దాన్ని తలుచుకునేవాళ్లు తక్కువ. సైంధవుడిని చంపాల్సిన రోజు మధ్యాహ్నం గుర్రాలు బాణాలు గుచ్చుకుని అలిసిపోయాయి. శత్రువుల నడుమ అర్జునుడు నేల మీదికి దిగి కాపలా నిలిచాడు. బాణాలతో గూడు కట్టాడు, నీళ్లు తెప్పించాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, బాణాలు పీకి, ఒళ్లు రుద్ది, నీళ్లు తాగించాడు. తోలేవాడు బండిని చూసుకుంటుంటే తోలించుకునేవాడు దిగి నీడ ఏర్పాటు చేసిన సన్నివేశం అది. సుఖానికి పాత అర్థం చూపించే బొమ్మ కావాలంటే ఇంతకు మించింది లేదు. యుద్ధం ముగిశాక కృష్ణుడు అర్జునుడినే ముందు దిగమన్నాడు. తర్వాత తాను దిగాడు. దిగీ దిగగానే రథం భగ్గున కాలి బూడిదైంది. ద్రోణుడి అస్త్రాలకూ కర్ణుడి అస్త్రాలకూ అది ఎప్పుడో కాలిపోయిందట, తాను కూర్చుని ఉన్నందువల్ల నిలిచిందట.

డ్రైవరును కృష్ణుడితో పోల్చడంలో ఉన్న చిక్కే అతనికి వైరాగ్యం బోధించడంలోనూ ఉంది. కోటి రూపాయల బండి తోలుతాడు, అది తనది కాదు. ఊరికి పోతే తనకున్నది మోటారు సైకిలు. ఎంత నిర్మమకారమో చూడండి అనబుద్ధవుతుంది. లేనిదాన్ని వదులుకోవడం వైరాగ్యం కాదు. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం త్యాగంతో అనుభవించమనీ, ఎవరి ధనానికీ ఆశపడవద్దనీ చెబుతుంది. ఆ మాట చెప్పాల్సింది ముందు ఉన్నవాడికి. ఆ మంత్రాన్నే తన ధర్మకర్తృత్వ సిద్ధాంతానికి మూలంగా చెప్పుకున్న గాంధీ కూడా దాన్ని ఆస్తిపరుల వైపే తిప్పాడు. తన దగ్గరున్నది తనది కాదు, తన చేతిలో పెట్టింది మాత్రమే అనుకోవాల్సింది బండి కొన్నవాడు. తోలేవాడు ఎలాగూ అలాగే అనుకుంటున్నాడు.

దీనికి అరబ్బీలో ఒక మాట ఉంది, అమానత్. నమ్మి అప్పగించిన వస్తువు. మన కచేరీ తెలుగులో ‘అమానతు’గా ఎప్పటినుంచో ఉన్న మాటే. ఇస్లాంలో అమానత్ అప్పగించినవాడికి తిరిగి చేర్చేదాకా దేవుడి ముందు బాధ్యత. వాహనం ఎక్కేటప్పుడు ముస్లిములు చెప్పుకునే ప్రార్థన ఖురాన్ 43వ అధ్యాయంలోది. దాని సారం: దీన్ని మాకు లోబరచినవాడు దేవుడు, మా సొంత బలంతో ఇది మాకు లొంగేది కాదు, చివరకు ఆయన దగ్గరికే మేం తిరిగిపోతాం. ఒంటెకు చెప్పుకున్న ప్రార్థన ఇప్పుడు ల్యాండ్ క్రూయిజర్‌కూ చెల్లుతోంది. ఉగాదినాడు దేవుని కడప వెంకటేశ్వరుడి గుడికి ముస్లిములు వచ్చి మొక్కే జిల్లా నుంచి వెళ్లిన డ్రైవరుకు, హిందువైనా ముస్లిమైనా, ఇది పరాయి మాటగా తోచదు. ఊళ్లో అతనూ కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయ పెట్టినవాడే. బండి మన వశంలో లేదన్న భయభక్తి రెండుచోట్లా ఒకటే.

అమానత్ ఒకవైపే నడిచేది కాదు. బండి డ్రైవరుకు అప్పగించిన అమానత్ అయితే, డ్రైవరు ప్రాణం, ఒళ్లు, నిద్ర యజమానికి అప్పగించిన అమానత్. కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం దీన్ని లెక్కల్లోకి దించింది. ఇంటిపనివాళ్లకు రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికో రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, పాసుపోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దీనార్లుగా నిర్ణయించారు. చట్టం కాగితం మీద ఉన్నంత నిండుగా ప్రతి ఇంట్లోనూ అమలుకాదన్నది అక్కడ పనిచేసినవాళ్లందరికీ తెలిసిందే. మంచి ఇళ్లూ ఉన్నాయి. పిల్లల పెళ్లికి సాయం చేసిన బాబాల గురించి చెప్పుకునేవాళ్లు మన ఊళ్లలో తక్కువ కాదు. సుఖాన్ని మాత్రం యజమాని మంచితనానికి వదిలేయకూడదు. ఇరుసు రంధ్రాన్ని వడ్రంగి కొలిచి తొలుస్తాడు, దయతలచి కాదు.

డ్రైవరు పనిలో తోలడం కంటే ఆగడం ఎక్కువ. బడి ముందు, జమియా అనే సహకార దుకాణం ముందు, ఆస్పత్రి ముందు, అవెన్యూస్ మాల్ పార్కింగులో. ఎప్పుడు ఫోను మోగుతుందో తెలియదు కాబట్టి నిద్ర నిద్రలా ఉండదు, మెలకువ మెలకువలా ఉండదు. సీటు వెనక్కి వాల్చుకుని ఏసీ వేసుకుంటే సుఖమే కదా అని బయటివాళ్లకు అనిపిస్తుంది. అదే సీటు తోలేటప్పుడు ఒకలా, ఎదురుచూసేటప్పుడు ఒకలా ఉంటుందని అక్కడ కూర్చున్నవాడికే తెలుసు. చలికాలం ఎడారిలో గుడారాలు వేసుకునే రోజుల్లోనైతే రాత్రి రెండింటి దాకా ఆ ఎదురుచూపే.

అలెగ్జాండరు తర్వాత పంజాబును ఏలిన గ్రీకు రాజు మినాండరును పాలీ గ్రంథం మిళిందుడంటుంది. భిక్షువు నాగసేనుడిని కలవడానికి అతను రథంలో వచ్చాడు. రథమంటే ఏదని అడిగాడు నాగసేనుడు. ఇరుసా? చక్రాలా? కాడా? పగ్గాలా? ఏదీ కాదు. అన్నీ కుప్పపోస్తే రథమా? కాదు. వీటన్నిటినీ విడిచి రథం వేరే ఉందా? లేదు. మరి మీరు దేంట్లో వచ్చారు మహారాజా? భాగాలు ఒక తీరున కూడినప్పుడు వాడుకగా పెట్టుకున్న పేరు రథం అని రాజే చివరకు ఒప్పుకున్నాడు. ఆ ప్రశ్నల వరుసను సుఖం మీద నడిపిస్తే బండి విషయం ఇంకా తేటపడుతుంది. సుఖం సీటులో ఉందా? అదే సీటులో ఎదురుచూపు బరువు. స్ప్రింగులో ఉందా? అడ్డదిడ్డంగా బ్రేకు వేసేవాడి చేతిలో ఏ స్ప్రింగూ పనికిరాదు. చల్లగాలిలో ఉందా? ఇంటి నుంచి చెడు కబురు వచ్చిన రోజు ఆ గాలి ఒంటికి తెలియదు. రోడ్డు, చక్రం, కాలు, చెవి, వెనక కూర్చున్నవాళ్ల మాటతీరు, నెలాఖరున ఇంటికి పంపే దీనార్లు అన్నీ ఒక తీరున కుదిరిన గంటకు పెట్టుకున్న పేరు సుఖం.

బండి నిలిచేటప్పుడు మంచి డ్రైవరు ఒక చిన్న పని చేస్తాడు. పూర్తిగా ఆగే క్షణానికి ముందు బ్రేకు మీద కాలు రవ్వంత వదులుతాడు. వెనక కూర్చున్నవాళ్ల తల ముందుకు ఊగదు. ఏ కంపెనీ కాగితంలోనూ ఈ సుఖం రాసి ఉండదు, దాని ధర బిల్లులో పడదు. నిద్రపోయే పిల్లకు, నడుం నొప్పితో ఉన్న ముసలమ్మకు రోజుకు వందసార్లు చేసే సేవ అది. సేవ అన్న మాటకు ఇంత నిజమైన ఉదాహరణ గుళ్లలో కూడా అరుదు.

అద్దె బళ్ల సంగతి వేరు. కువైట్‌లో సొంత బండి బాగుకు ఇచ్చినప్పుడు బదులుగా వచ్చేవో, నెలకింతని తీసుకునేవో చిన్న కార్లు. అద్దె బండి సీటు ఎవరి ఒంటినీ గుర్తుపెట్టుకోదు. యాక్సిలరేటరు, బ్రేకు పది రకాల కాళ్లకు లొంగి ఎవరికీ లొంగనట్టుంటాయి. తెచ్చేటప్పుడు ప్రతి గీతనూ ఫొటో తీసుకోమని డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకుంటారు, లేదంటే తిరిగిచ్చేటప్పుడు పాత గీత తన లెక్కలో పడుతుంది. ఒంటిని అద్దె ఇల్లుగా చెప్పే పాత పోలిక అచ్చం ఇలాంటి బండికే సరిపోతుంది. పుట్టుకతో తెచ్చుకున్న గీతలకు కూడా మనిషి లెక్క చెప్పుకోవాల్సిందే.

డ్రైవరు లైసెన్సు కూడా ఒకరకంగా అద్దెదే. కువైట్‌లో మామూలు విదేశీయుడికి లైసెన్సు కావాలంటే నెలకు 600 దీనార్ల జీతం, డిగ్రీ, రెండేళ్ల నివాసం వంటి షరతులున్నాయి. డ్రైవరు పనికి వచ్చినవాడికి వాటి నుంచి మినహాయింపు. అంటే ఆ దేశంలో అతను స్టీరింగు పట్టుకోగలగడం ఇంకొకరి కోసం తోలుతున్నంతవరకే.

మరి సొంతదారుకు మాత్రం బండి ఎంత సొంతం? 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. దేశం విడిచి బస్సుల్లో, దొరికిన బళ్లలో ఇరాక్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కడి నుంచి విమానాల్లో లక్షన్నరకు పైగా భారతీయులు ఇల్లు చేరారు. అమ్మాన్ దాకా తోలుకొచ్చిన కార్లను అక్కడే వదిలేసినవాళ్లున్నారు. 1991 ఫిబ్రవరి చివర్లో వెనక్కి పారిపోతున్న సైనికులు కువైటీల కార్లనూ ఎత్తుకుపోతుంటే జహ్రా దాటాక ముత్లా మిట్ట దగ్గర 80వ నంబరు రోడ్డు మీద బాంబులు పడ్డాయి. మైళ్ల పొడుగునా కాలిన ట్యాంకుల మధ్య కాలిన ఖరీదైన కార్లు. ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఎవరో కొన్నవి, ఎవరో తోలినవి, ఎవరో దోచుకున్నవి, ఎవరికీ కాకుండా పోయాయి. అదే రోడ్డు మీద ఇప్పుడు డ్రైవర్లు కుటుంబాలను అబ్దలీ తోటలకు తీసుకెళతారు.

రెండేళ్లకోసారి సెలవు మీద ఊరికొచ్చే డ్రైవరుకు ఒక అయిదు గంటలపాటు పాత్ర మారుతుంది. చెన్నైలో దిగి, మనవాళ్లు మాట్లాడిపెట్టిన అద్దె ఇన్నోవాలో పెట్టెలు, దుప్పట్లు, టీవీ డబ్బా సర్దుకుని, తిరుత్తణి, రేణిగుంట మీదుగా రాజంపేట వైపు బయలుదేరుతాడు. ఈసారి అతను వెనక సీటు. స్టీరింగు కుడివైపు, బళ్లన్నీ తప్పు పక్క నుంచి వస్తున్నట్టు కంటికి అనిపిస్తుంది. లారీ ఎదురొచ్చినప్పుడల్లా కుడికాలు తనకు తెలియకుండానే కింది పట్టాను తొక్కుతుంది. అక్కడ బ్రేకు లేదు.

కోడూరు మామిడి తోటలు మొదలయ్యేచోట టీ కొట్టు ముందు ఆపమంటాడు. అతనూ, బండి తోలే కుర్రాడూ దిగి నిలబడి తాగుతారు. నడుం విరుచుకుంటున్న కుర్రాడిని చూసి అడుగుతాడు, “బండి ఎట్లుంది అబ్బోడా?”

“ఇంజనుకేం కాలేదన్నా. ఎడమపక్క ముందు బేరింగు శబ్దం చేస్తాండాది. ఓనరుకు చెప్తే ఇంకో ట్రిప్పు పోనీ అంటాడు.”

గ్లాసు బల్ల మీద పెట్టి, పెట్టెల పెద్దమనిషి ఎడమ చక్రం పక్కన గొంతుకూర్చుని, టైరును రెండు చేతులా పట్టుకుని ఊపి చూస్తాడు.